ముందు తినే నెల, తర్వాతే ప్లమ్ మొక్క

హైదరాబాద్ నుంచి తిరిగొచ్చి శాన్ హోసేలో ఇంటి తాళం తీసిన సాయంత్రం, పెట్టెలు లోపలికి తేకముందే పులిసిన కల్లు వాసన వచ్చింది. నల్గొండ జిల్లాలో పుట్టి పెరిగినవాణ్ణి, ఆ వాసన గుర్తుపట్టడంలో పొరపాటు పడను. పెరటి తలుపు తీసి చూస్తే ప్లమ్ చెట్టు కింద నేల కనపడలేదు. పండ్లన్నీ రాలి, పగిలి, ఒకదాని మీద ఒకటి అంటుకుపోయి ఎర్రటి బురదలా ఉన్నాయి. దాని మీద కందిరీగలు. చెట్టంతా వెతికితే ఉడతలు సగం కొరికి వదిలేసినవి మూడు దొరికాయి. ఆరు వారాల కింద మేం బయల్దేరేటప్పుడు అదే చెట్టు కొమ్మలు కాయల బరువుకి మోకాలి ఎత్తు దాకా వంగి ఉన్నాయి. ముందటి ఏడూ ఇదే జరిగింది.

ఆ చెట్టు ఇల్లు కొన్నప్పుడే ఉంది. రకం పేరు సాంటా రోసా. దాని మీద నాకు వేరే మమకారం కూడా ఉంది. చదువుకునే రోజుల్లో తొలకరి వేళకి కోఠీలో బండ్ల మీద గుట్టలుగా పోసి అమ్మే ఎర్రటి పండ్లు కొనుక్కునేవాళ్ళం. బండివాళ్ళు ఆలూబుఖారా అనేవాళ్ళు. బిర్యానీలో వేసే ఎండు ఆలూబుఖారా ఈ కుటుంబానిదేనని అప్పట్లో తెలియదు. ఆ పండ్లు హిమాచల్ నుంచి వచ్చేవి. అక్కడ కులూ లోయలో ఎక్కువగా వేసే రకం సాంటా రోసానే. అది పుట్టింది మాత్రం మా ఇంటికి రెండు గంటల ప్రయాణంలో, కాలిఫోర్నియాలోని సాంటా రోసా ఊళ్ళో. లూథర్ బర్బ్యాంక్ అనే మొక్కల పెంపకందారు 1885లో జపాన్ నుంచి 12 ప్లమ్ మొక్కలు తెప్పించాడు. ఏళ్ళ తరబడి వాటిని ఒకదానితో ఒకటి కలిపి, వేల మొక్కలు పెంచి, నచ్చనివి పీకేస్తూ పోయాడు. ఆ పనిలోంచి వచ్చిన సాంటా రోసాని 1906లో బయటపెట్టాడు. నూటికి పైగా ప్లమ్ రకాలు ఆయన చేతిలో తయారయ్యాయి. వాటిలో కొన్ని ఇప్పటికీ ఇళ్ళ పెరళ్ళలో కాస్తున్నాయి.

అంత మంచి చెట్టు పెరట్లో ఉండీ రెండేళ్ళు ఒక్క పండు నోట్లో పడలేదు. తప్పు చెట్టుది కాదు. సాంటా రోసా మా దగ్గర జూన్ మూడో వారంలో మొదలై జూలై మొదటి వారానికి అయిపోతుంది. పిల్లల బడులు జూన్ మొదట్లో మూస్తారు, ఆగస్టు నడిమికి తెరుస్తారు. ఈ దేశంలో ఉన్న తెలుగు కుటుంబాలు చాలావరకు ఊరికి వెళ్ళేది ఆ సందులోనే. పండు ఉన్నప్పుడు మనం లేం, మనం వచ్చేసరికి పండు లేదు. అందుకే ప్లమ్ మొక్క పెడతామని ఎవరైనా సలహా అడిగితే నేను ముందు రకాల పేర్లు చెప్పను. ఏ నెలల్లో ఇంట్లో ఉంటారో చెప్పమంటాను. తినే నెల తేలితే మిగతాది దానికి తగ్గట్టు వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావచ్చు.

కాగితం మీద పన్నెండు గళ్ళు

మొదటి పనికి నర్సరీకి పోనక్కర్లేదు. ఒక కాగితం మీద నెలలు రాసుకుని, ఇంట్లో ఉండని వారాలు కొట్టేయండి. మాకు జూన్ రెండో వారం నుంచి జూలై నెలాఖరు దాకా కొట్టేయాల్సి వచ్చింది. మిగిలినవి మే నెల, ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు.

ఇప్పుడు ఆ గళ్ళలో రకాలు పేర్చాలి. శాన్ హోసే లాంటి లోయ ప్రాంతంలో మెత్లీ మే చివర నుంచి జూన్ మొదటి సగం దాకా, బ్యూటీ జూన్ మొదట్లో, సాంటా రోసా జూన్ చివర్లో పండుతాయి. సాట్సుమా జూలై చివరికి వస్తుంది. బర్గండీ జూలై నడిమి నుంచి ఆగస్టు నడిమి దాకా చెట్టు మీదే నిలుస్తుంది. మారిపోసా ఆగస్టులో, ఫ్లేవర్ కింగ్ అనే ప్లూట్ ఆగస్టు రెండో సగంలో, ఎలిఫెంట్ హార్ట్ సెప్టెంబరులో పండుతాయి. ఎమరాల్డ్ బ్యూట్ ఆగస్టు చివర పండడం మొదలుపెట్టి, కోయకపోతే రెండు నెలల దాకా కొమ్మ మీదే ఉండి ఇంకా తియ్యబడుతుంది. సముద్రానికి దగ్గరగా చల్లటి ఊళ్ళలో ఉంటే ఇవన్నీ వారం పది రోజులు వెనక్కి జరుగుతాయి.

ప్లూట్ అన్న మాట కొత్తవాళ్ళకి ఒక ముక్కలో చెప్పాలి. ప్లమ్‌నీ ఆప్రికాట్‌నీ తరతరాలుగా కలుపుతూ తయారుచేసిన సంకరం అది. ప్లమ్ పాలు ఎక్కువ, ఆప్రికాట్ పాలు తక్కువ. ఇక్కడికి దగ్గరలోని మొడెస్టోలో ఫ్లాయిడ్ జైగర్ కుటుంబం జీవితమంతా ఈ పని మీదే గడిపింది. చేతి కుంచెతో పుప్పొడి అద్దడం తప్ప వేరే మాయ ఏమీ లేదు. పెంచే పద్ధతి ప్లమ్‌దే.

చెట్టు మీద పండు ఎన్నాళ్ళు ఆగుతుందన్నది కూడా ఈ దశలోనే చూసుకోవాలి. సాంటా రోసా రెండు వారాల్లో మొత్తం మీద పడుతుంది. ఒక్క పెద్ద చెట్టు కాపు ఇంటివాళ్ళు తినలేరు. పంచాలి, లేదా వండాలి. బర్గండీ అయితే రోజుకి నాలుగేసి కోసుకుంటూ నెల గడపొచ్చు. ఇంట్లో నలుగురే ఉన్నప్పుడు రెండో గుణానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

బత్తాయికి బెట్ట, ప్లమ్‌కి చలి

నెల కుదిరిన రకం మన చలికి కుదురుతుందో లేదో తర్వాత చూడాలి. మా నాయినది బత్తాయి తోట. తోట పూతకి రావాలంటే ముందు నీళ్ళు ఆపి చెట్లని బెట్ట పెడతారు. ఆకు వాడి, కొంత రాలి, చెట్టు నిద్రపోయినట్టు అయ్యాక మళ్ళీ నీళ్ళు కడితే పూత ఒక్కసారిగా విచ్చుకుంటుంది. ప్లమ్‌కి ఆ నిద్ర చలి వల్ల వస్తుంది. శీతాకాలంలో సున్నా నుంచి 7 డిగ్రీల సెల్సియస్ మధ్య ఎన్ని గంటలు గడిచాయో కూడితే వచ్చేవే చలి గంటలు. ఒక్కో రకానికి ఇన్ని గంటలని ఒక అవసరం ఉంటుంది. అవి నిండకపోతే వసంతంలో మొగ్గలు తలో వారం విచ్చుకుంటాయి, పూత పలచబడుతుంది, కొన్ని కొమ్మలకి ఆకు కూడా సరిగా రాదు.

మెత్లీ, బ్యూటీలకి 250 గంటల చలి చాలు. సాంటా రోసా, సాట్సుమాలకి 300. ఫ్లేవర్ కింగ్‌కి 400, ఎలిఫెంట్ హార్ట్‌కి 500, ఎమరాల్డ్ బ్యూట్‌కి 600 దాటాలి. మన ఊళ్ళో ఎన్ని గంటలు పడుతున్నాయో ఊహించనక్కర్లేదు. కాలిఫోర్నియాలో వాతావరణ కేంద్రాల వారీగా ఆ లెక్కలు యూసీ డేవిస్ విశ్వవిద్యాలయం పండ్ల విభాగం ఉచితంగా ఇస్తుంది. ఒక్క ఏడాది అంకె చూసి ఆగకండి. గడిచిన పదేళ్ళలో అన్నిటికంటే వెచ్చగా గడిచిన శీతాకాలం ఏదో చూసి, ఆ అంకెకి లోబడి ఉన్న రకం తీసుకోండి. ఎమరాల్డ్ బ్యూట్ నాకు నెల లెక్కలో అన్నిటికంటే బాగా కుదిరింది. మా వెచ్చటి ఏళ్ళని తలుచుకుని వదిలేశాను. మనసు ఇప్పటికీ అటు లాగుతూనే ఉంటుంది.

హైదరాబాద్‌లో, విజయవాడలో పెట్టుకోవచ్చా అని మా చుట్టాలు అడుగుతుంటారు. వద్దనే చెప్తాను. లంబసింగిలో నాలుగు రాత్రులు గడ్డకట్టే చలి వేసినా గంటలు నిండవు. దక్షిణాదిలో ప్లమ్ కాసేది కొడైకనాల్, నీలగిరుల లాంటి ఎత్తు కొండల మీద. మన మైదానాల్లో మొక్క బతకొచ్చు, ఆకు వేయొచ్చు, పండు మాత్రం ఆశించకూడదు. ఆ జాగాలో ఒక దానిమ్మో జామో పెట్టుకుంటే ఇల్లంతా తింటారు.

అమెరికాలోనే వేరే చోట ఉన్న మనవాళ్ళకి లెక్క మారుతుంది. డాలస్ వైపు చలి గంటలకి కొరత లేదు. అక్కడ భయం ఆలస్యంగా పడే మంచుతో. తొందరపడి పూసే రకం పూత మార్చిలో ఒక్క రాత్రికి మాడిపోతుంది. టెక్సాస్‌లో మెత్లీ, మోరిస్, ఓజార్క్ ప్రీమియర్ అనే రకాలకి మంచి పేరుంది. అట్లాంటా చుట్టుపక్కల తేమకీ తెగుళ్ళకీ తట్టుకునేలా అలబామాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయం తయారుచేసిన రకాలు పెడతారు, పేర్ల ముందు ఏయూ అని ఉంటుంది. న్యూజెర్సీ లాంటి చలి చోట్ల స్టాన్లీ వంటి యూరప్ ప్లమ్‌లు నిలబడతాయి. అక్కడ కొమ్మల మీద బొగ్గులాంటి నల్ల బుడిపెలు కడితే వెంటనే కోసి పారేయాలి. ఆ తెగులుని నల్ల బుడిపె తెగులు అనే అంటారు.

ఒంటి చెట్టు

మా స్నేహితుడిది ఫ్రీమాంట్. అతని పెరట్లో సాట్సుమా చెట్టు నాలుగేళ్ళు వరసగా తెల్లగా పూసింది, తేనెటీగలు ముసిరాయి, ఒక్క పిందె నిలవలేదు. ఎరువు మార్చాడు, నీళ్ళు మార్చాడు, చివరికి నరికేద్దామన్నాడు. వెళ్ళి చూశాను. చెట్టుకి ఏ జబ్బూ లేదు. దానికి జత లేదు.

బత్తాయి, జామ పెంచిన ఇళ్ళవాళ్ళకి ఈ సంగతి తట్టదు. ప్లమ్ పువ్వులో ఆడ భాగం, మగ భాగం రెండూ ఉంటాయి. అయినా చాలా రకాలు తమ పుప్పొడిని తామే ఒప్పుకోవు. సగోత్రీకుల సంబంధం లాంటిది, కుదరదు. అదే రకం ఇంకో మొక్క తెచ్చి పక్కన పెట్టినా లాభం లేదు. రెండూ ఒకే చెట్టు నుంచి తీసిన అంట్లు కాబట్టి గోత్రం ఒక్కటే. వేరే రకం కావాలి, అదీ అదే రోజుల్లో పూయాలి. సాంటా రోసా, మెత్లీ, బ్యూటీ, బర్గండీ తమంతట తామే కాస్తాయి. సాట్సుమా, ఎలిఫెంట్ హార్ట్, మారిపోసా, ఫ్లేవర్ కింగ్‌లకి జత తప్పదు. ఆ నాలుగింటికీ సాంటా రోసా కుదురుతుంది. నేను విసుక్కున్న పెరటి చెట్టు విలువ నాకు అప్పుడు తెలిసింది.

సాంటా రోసా లాంటి జపాన్ ప్లమ్‌కి యూరప్ ప్లమ్ జత కాదని కూడా గుర్తుపెట్టుకోవాలి. పేరొకటే గానీ జాతులు వేరు. జపాన్‌వాటి కణాల్లో క్రోమోజోములు రెండు సెట్లు, యూరప్‌వాటిలో ఆరు. పూసే వేళలూ కలవవు. యూరప్ ప్లమ్ అంటే ఎండబెట్టి ప్రూన్ చేసేది, ఆకుపచ్చగా ఉండే గ్రీన్ గేజ్, నీలంగా ఉండే స్టాన్లీ. ఇవాళ మన పిల్లలు కంప్యూటర్ కొలువులు చేస్తున్న ఈ సాంటా క్లారా లోయ ఒకప్పుడు ప్రూన్ తోటల లోయ. పెలియే అన్నదమ్ములు 1856లో ఫ్రాన్స్ నుంచి ఇక్కడికి ప్రూన్ అంటుకొమ్మలు తెచ్చారు. ఓడలో అన్ని నెలలు కొమ్మలు ఎండిపోకుండా బంగాళాదుంపల్లో గుచ్చి తెచ్చారని చెప్పుకుంటారు. సారటోగాలో ఆ కాలపు జ్ఞాపకంగా ఊరు కాపాడుకుంటున్న తోట ఒకటి ఇప్పటికీ ఉంది. మార్చిలో పూత మీద ఉన్నప్పుడు పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి.

ఫ్రీమాంట్ చెట్టు సంగతికి వస్తే, ఆ ఏడు ఫిబ్రవరిలో మా సాంటా రోసా పూత మీద ఉండగా నాలుగు కొమ్మలు కోసి, నీళ్ళ బకెట్‌లో నిలబెట్టి కారులో తీసుకెళ్ళాను. బకెట్‌ని తాడుతో సాట్సుమా కొమ్మల మధ్య వేలాడదీశాం. వారం రోజులు తేనెటీగలు బకెట్ మీద పువ్వుల నుంచి చెట్టు పువ్వులకి తిరిగాయి. మార్చి చివరికి ఆ బకెట్ ఉన్న వైపు పెసరగింజంత పిందెలు కనిపించాయి, అవతలి వైపు పలచగానే ఉన్నాయి. మరుసటి జనవరిలో శాశ్వతమైన ఏర్పాటు చేశాం. పెన్సిల్ మందం ఉన్న సాంటా రోసా పుల్లలు కోసి, తడి కాగితంలో చుట్టి, ఫ్రిజ్‌లో దాచి, ఫిబ్రవరిలో సాట్సుమా కొమ్మ చీల్చి అంటు కట్టాం. ఇప్పుడు ఆ ఒక్క చెట్టు మీదే జత ఉంది. రెండో చెట్టుకి జాగా లేని ఇళ్ళకి ఇదే దారి. లేదా మూడు నాలుగు రకాలు ముందే అంటుకట్టి అమ్మే మొక్కలు దొరుకుతాయి. కాలిఫోర్నియా రేర్ ఫ్రూట్ గ్రోయర్స్ అనే సంఘం శాఖలు జనవరి ప్రాంతంలో అంటుపుల్లల పంపిణీ పెడతాయి. అక్కడ అంటు కట్టడం చేతిలో చెయ్యి పెట్టి నేర్పించేవాళ్ళు కూడా ఉంటారు.

పక్కింటి పెరట్లో ప్లమ్ ఉంటే సగం పని అయినట్టే. తేనెటీగకి కంచె అడ్డు కాదు. ఫిబ్రవరిలో వీధిలో నడుస్తూ ఎవరి చెట్టు ఎప్పుడు పూస్తోందో రాసుకోండి.

కొరికి చూడకుండా కొనొద్దు

నెల, చలి, జత కుదిరాక మిగిలే పేర్లు నాలుగైదు. రుచి చూడాల్సింది అప్పుడు. జూలై నుంచి సెప్టెంబరు దాకా వారం వారం రైతుబజారుకి వెళ్ళి, పేరు అడిగి, రకానికి నాలుగు కొని ఇంటికి తెచ్చి ఇంటిల్లిపాదీ తినాలి. ఈ ఒక్క ఏడాది ఓపిక తర్వాత ఇరవై ఏళ్ళు నిలుస్తుంది.

సాంటా రోసా తోలు పుల్లన, కండ తియ్యన. కొరికితే రెండూ కలిసి, గింజ దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ పులుపు తగులుతుంది. మా ఆవిడకి ఆ చివరి పులుపే ఇష్టం, ఉప్పు కారం అద్దుకుని తింటుంది. సాట్సుమా పైకి మట్టిరంగులో దుమ్ము పట్టినట్టు ఉంటుంది, చూస్తే తినబుద్ధి కాదు. కోస్తే లోపల బీట్‌రూట్ ఎరుపు, గింజ చిన్నది, పులుపు తక్కువ. బర్గండీ తోలూ కండా రెండూ ముదురెరుపే, పులుపంటే పడని పిల్లలకి సరిపోతుంది. ఫ్లేవర్ కింగ్ వాసనే వేరు. ముక్క నోట్లో వేసుకున్నాక కూడా కాసేపు దాల్చినచెక్క లాంటి ఘాటు నిలుస్తుంది. ఎలిఫెంట్ హార్ట్‌ని బర్బ్యాంక్ పోయిన మూడేళ్ళకి, 1929లో బయటికి తెచ్చారు. గుండె ఆకారం, ఆకుపచ్చా కంచు రంగూ కలిసిన మచ్చల తోలు, లోపల నెత్తురెరుపు, రసం మోచేతి దాకా కారుతుంది. దుకాణాల్లో అరుదుగా దొరుకుతుంది, మెత్తబడ్డాక రవాణాకి నిలవదు కాబట్టి. పెరట్లో పెంచుకోవడానికి ఇంతకంటే మంచి కారణం నాకు కనిపించదు.

నేను చివరికి మూడు పేర్లు రాసుకున్నాను. బర్గండీ, ఫ్లేవర్ కింగ్, ఎలిఫెంట్ హార్ట్. మేం తిరిగొచ్చిన వారం నుంచి సెప్టెంబరు చివరి దాకా వరసగా పండ్లు. జతకి పాత సాంటా రోసా ఎలాగూ ఉంది.

నేల కింద ఏముంది

ఇక్కడ ఒక చెట్టు పోగొట్టుకున్నాను. అన్నిటికంటే మొదట కొన్నది డాపుల్ డాండీ అనే ప్లూట్. వసంతంలో కుండీలో కొన్నాను. చీటీ మీద పండు బొమ్మ, పేరు ఉన్నాయి, వేరు ఏ రకమో రాసి లేదు. అడగాలని నాకూ తోచలేదు. చదును నేలలో గుంత తీసి పెట్టాను. మొదటి ఏడు బాగానే పెరిగింది. రెండో ఏడు జనవరిలో వానలు బాగా పడ్డాయి. మార్చిలో ఆకు పాలిపోయి వచ్చింది, మొదలు దగ్గర తేనెరంగు బంక కారింది, మే నెలకి ఎండిపోయింది. అప్పుడు మా నాయిన మా దగ్గరే ఉన్నాడు. పారతో మొదలు చుట్టూ తవ్వి, ఒక వేరు తుంచి వాసన చూశాడు. వేరు మీది తోలు వేళ్ళ మధ్య నల్లగా ఊడొచ్చింది.

"నీళ్ళు నిలవడ్డయి బిడ్డా. ఇది రేగడి. గుంతల పెడితే బతుకది, దిబ్బ మీద పెట్టాలె. వేరు ఏందో అడగకుండ అంటు కొంటరా?"

బత్తాయి రైతు అంటు కొనేటప్పుడు మొదట అడిగేది అదే, రంగపూర్ నిమ్మ మీద కట్టిందా జంబేరి మీద కట్టిందా అని. ఊళ్ళో పుట్టినప్పటి నుంచి విన్న మాట ఇక్కడికి వచ్చాక నాకు గుర్తు రాలేదు. తర్వాత కనుక్కుంటే అది నెమాగార్డ్ అనే పీచ్ వేరు మీద కట్టిన మొక్క. ఇసుక కలిసిన నేలల్లో బాగా వస్తుంది గానీ తడి నిలిచే బంకమట్టిని అసలు ఓర్చుకోదు. మన జిగురు నేలలకి మైరోబలాన్, మరియానా, సిటేషన్ అనే వేర్లు నయం. సిటేషన్ మీద కట్టిన చెట్టు కొంచెం పొట్టిగా ఉండి త్వరగా కాపుకి వస్తుంది. మరియానా తడికీ, ఓక్ చెట్ల వేర్ల నుంచి వచ్చే బూజు తెగులుకీ తట్టుకుంటుంది. చీటీ మీద వేరు పేరు లేని మొక్కని ఇప్పుడు నేను ముట్టుకోను.

నేల పరీక్షకి పైసా ఖర్చు లేదు. అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత తీసి నీళ్ళు నింపండి. ఇంకిపోయాక మళ్ళీ నింపి, గంటకి ఎంత దిగుతోందో స్కేలు పెట్టి చూడండి. అంగుళం కంటే తక్కువ దిగితే ఆ చోట చదునులో పెట్టకూడదు. అడుగు ఎత్తు దిబ్బ పోసి దాని మీద పెట్టాలి. ఎండ కూడా చూసుకోండి. వేసవిలో రోజుకి ఆరు గంటలకి తక్కువ ఎండ తగిలే చోట పండు రంగు ఎక్కుతుంది గానీ తీపి ఎక్కదు.

జనవరి

ఇక్కడ మొక్కలు కొనే కాలం డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా. ఆకు రాలి నిద్రలో ఉన్న మొక్కల్ని మట్టి లేకుండా ఒట్టి వేర్లతో అమ్ముతారు. కుండీ మొక్క కంటే చవక, రకాలు ఎక్కువ, వేర్లు కంటితో చూసి కొనొచ్చు. మనిషంత ఎత్తున్న లావు మొక్క కోసం ఎగబడొద్దు. బొటనవేలి మందం మొదలు, నాలుగు వైపులా పరుచుకున్న వేర్లు ఉంటే చాలు. కోరిన పేర్లు కావాలంటే శరదృతువులోనే చెప్పి ఉంచాలి. ఎలిఫెంట్ హార్ట్ కోసం నేను ఒక ఏడాది ఆగాను.

ఇంటికి తెచ్చిన మొక్క వేర్లకి గాలి తగిలి ఎండకూడదు. గంటసేపు నీళ్ళలో ఉంచి, విరిగిన వేర్లు కత్తిరించి, అదే రోజు పెట్టేయాలి. మా మూడు మొక్కల్నీ ఒకే పెద్ద దిబ్బ మీద ముక్కోణంలో, రెండేసి అడుగుల ఎడంలో పెట్టాను. పక్కపక్కన ఉంటే ఒకదాన్ని ఒకటి అదుపులో ఉంచుకుంటాయి, చిన్న జాగాలో మూడు నెలల పండు వస్తుంది. అంటు కట్టిన బుడిపె మట్టికి పైనే ఉండాలి. గుంతలో ఎరువు వేయలేదు, తవ్విన మట్టే తిరిగి కప్పాను. చుట్టూ చెక్కపొట్టు పరిచాను, మొదలుకి జానెడు దూరంలో.

తర్వాతి పని చెయ్యడానికి చెయ్యి రాదు. అప్పుడే డబ్బు పెట్టి కొన్న మొక్కని మోకాలి ఎత్తులో అడ్డంగా నరకాలి. నరికితేనే కింద నుంచి నాలుగు పక్కలకీ కొమ్మలు వస్తాయి, చెట్టు చేతికి అందే ఎత్తులో గుబురుగా తయారవుతుంది. నరకని మొక్క నిటారుగా పోయి పైన గొడుగు విప్పుతుంది, పండ్లు పిట్టలకి. ఎంత పొట్టి వేరు మీద కట్టినా చెట్టు ఎత్తు తేల్చేది కత్తెరే. మొదలుకి తెల్ల రంగు సగం నీళ్ళు కలిపి పూశాను, వేసవి ఎండకి బెరడు పగిలితే ఆ పగుళ్ళలోకి పురుగు చేరుతుంది. ఆ పై ప్రతి వేసవిలో కొత్త కొమ్మల్ని సగానికి కత్తిరిస్తూ, చెయ్యి చాపితే అందే ఎత్తు దాటనివ్వడం లేదు. మూడింటిలో ఏది పైచేయి అయితే దాన్ని ఇంకొంచెం ఎక్కువ కోస్తాను.

మూడో వేసవిలో మొదటి కాపు వచ్చింది.

ఏప్రిల్ పిందెలు, మే నెల పప్పు

ఏప్రిల్‌లో పిందెలు గోళీకాయంత అయ్యాక పలచన చేయాలి. గుత్తికి ఆరేడు కాయలు ఒరుసుకుంటూ ఉంటాయి. వాటిలో నున్నగా, మచ్చ లేకుండా ఉన్నది ఒకటి ఉంచి, బొటనవేలితో మిగతావి పక్కకి వంచితే టక్కున ఊడతాయి. కాయకీ కాయకీ మధ్య జానలో సగం ఎడం ఉండాలి. అయిదారు వందల పిందెలు రాల్చాక కింద చూస్తే గుండె తరుక్కుపోతుంది. రాల్చకపోతే కాయలన్నీ రేగిపండ్లంతే అవుతాయి, కొమ్మలు విరుగుతాయి, మరుసటి ఏడు కాపు తగ్గుతుంది. మామిడి ఏడు విడిచి ఏడు కాసే ఇళ్ళవాళ్ళకి ఇది వేరే చెప్పనక్కర్లేదు.

పాత సాంటా రోసాని కొట్టేద్దామా అని ఒకప్పుడు అనుకున్న సంగతి ఇప్పుడు తలుచుకుంటే బాధ వేస్తుంది. దాని పండు మాకు అందని జూన్‌కి ముందు మే నెల ఉంది. మే నడిమికి కాయ నిమ్మకాయంత అయి, గట్టిగా, ఆకుపచ్చగా, పచ్చి మామిడికి ఏమాత్రం తీసిపోని పులుపుతో ఉంటుంది. మా అమ్మ వచ్చినప్పుడు ఒకటి కొరికి చూసి, ఆ సాయంత్రమే పప్పులో వేసింది. గింజ చుట్టూ చెక్కలు తీసి, పచ్చిమిరపకాయలు, పసుపు వేసి విడిగా మగ్గబెట్టి, ఉడికిన కందిపప్పులో కలిపి, వెల్లుల్లి, ఎండుమిరపకాయల పోపు. పప్పుతో కలిపి ఉడికిస్తే పులుపుకి పప్పు మెదగదు, అందుకే విడిగా. ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వులనూనెతో ముక్కల పచ్చడి కూడా పడుతుంది. ప్లమ్‌లో నీరెక్కువ, ఏడాదికి నిలవదు, ఫ్రిజ్‌లో పెట్టి నెలలో తినేయాలి. గింజ లోపలి పప్పు మాత్రం వంటలో పడనివ్వకండి, అది చేదు, నలిగితే సైనైడ్ పుట్టించే పదార్థం అందులో ఉంది.

పోయిన జూన్‌లో ఊరికి బయల్దేరే ముందు పెరటి గేటు తాళంచెవి పక్కింటి పెద్దాయనకి ఇచ్చి వెళ్ళాం. సాంటా రోసా కాపంతా కోసుకోమన్నాం. ఆగస్టు మొదటి వారంలో తిరిగొచ్చేసరికి చెట్టు కింద నేల ఊడ్చినట్టు ఉంది, గుమ్మం దగ్గర ప్లమ్ జామ్ సీసాలు నాలుగు ఉన్నాయి. దిబ్బ మీద బర్గండీ చెట్టు నిండా ఎర్రగా వేలాడుతోంది. పిల్లలు బూట్లు విప్పకుండానే అటు పరిగెత్తారు.